చేతికిని రంపపు పంటికిని నడుమ

ఎచ్చెర్లకు సమీపమున, జాతీయ రహదారి నుండి లోపలికి తిరిగిన మట్టిబాట ప్రక్కన, రేకుల కప్పు క్రింద నడచుచున్న యొక వడ్రంగి సాలలో, ఉద్యోగ విరమణానంతరము లభించిన తీరికను వెచ్చించి రెండేండ్లుగా కొయ్యపని నేర్చుకొనుచున్నాను. ఆ విద్యలో ఇంతవరకు నేను సంపాదించిన నైపుణ్యము బహుస్వల్పము. నేను చేసిన పీటలు నేటికిని నాలుగు కాళ్ళ మీద ఒక్కసారి నిలువవు. అయినను ఒక్క విషయమున మాత్రము ఈ పుస్తకము చదువువారికి చెప్పదగినంత అనుభవము గడించితిని. ఆ విషయము తోపుడు చెక్క.

తోపుడు చెక్క యనగా, రంపపు బల్ల మీద కొయ్యను కోయునప్పుడు, దానిని వట్టి చేతితో నెట్టక, నడుమ అడ్డముగా నుంచి నెట్టుటకై చేసికొన్న దిమ్మ. అడుగు పొడవు, బెత్తెడు ఎత్తు గల ప్లైవుడ్ ముక్క, పైన పట్టుకొనుటకొక పిడి, అడుగున వెనుకకొసను కొయ్యకు తగులుకొను చిన్న మడమ. ఇంతే దాని స్వరూపము. అంగడిలో ప్లాస్టిక్కుతో చేసినవియు దొరకును గాని, కోతలో మిగిలిన ముక్కలతో గంటలోపల చేసికొనదగిన వస్తువునకు డబ్బు వెచ్చించుట నాకు రుచింపదు. వ్యక్తిత్వ వికాసమును గూర్చిన గ్రంథమున ఈ దిమ్మకేమి పని యని సందేహించు పాఠకులు, ఏకాగ్రత, ధైర్యము, అప్రమత్తత యను గుణములను మనమెంతగా ప్రశంసింతుమో, ఆ ప్రశంసించిన గుణములనే నమ్ముకొని ఎన్ని పర్యాయములు దెబ్బతినుచున్నామో ఒకపరి తలచుకొందురు గాక. దినమునకు 200 కోతలు కోయువాడు ఎంతటి జాగరూకుడైనను, ఆ కోతలలో ఏదో యొకదాని నడుమ వానికి ఇంటిలోని జ్వరపు బిడ్డయో, ఇయ్యవలసిన అప్పో, బయట ఆగిన లారీయో మనస్సున మెదలక మానదు. ఆ యొక్క కోతను గూర్చి ముందుగా చేసికొనవలసిన ఏర్పాటే ఈ అధ్యాయమునకు విషయము.

ముందుగా యంత్రమును చూతము. ఇనుప చట్రము మీద పరచిన బల్ల, బల్ల క్రింద మోటారు, బల్ల నడిమి చీలిక నుండి అర్ధచంద్రునివలె పైకి కనబడు 10 అంగుళముల పళ్ళ చక్రము. మన దేశపు విద్యుత్తుతో నడచు సామాన్యమైన మోటారు నిమిషమునకు సుమారు 2,880 సార్లు తిరుగును. చక్రమును ఆ వేగముననే త్రిప్పినచో దాని అంచు సెకనుకు 38 మీటర్ల చొప్పున, అనగా గంటకు 138 కిలోమీటర్ల వేగమున పోవుచుండును. చక్రమునకు 40 పళ్ళున్నచో ఒక్క సెకనులో 1,920 పళ్ళు ఒకే తావును దాటిపోవును. కన్ను చూచి, మనస్సు గ్రహించి, చేయి వెనుకకు వచ్చుటకు సెకనులో అయిదవ వంతు పట్టునని ఉదారముగా లెక్కగట్టినను, ఆ వ్యవధిలో 384 పళ్ళు తమ పనిని తాము చేసికొని పోవును. ‘కాస్త జాగ్రత్తగా ఉంటే చాలదా’ యని యడుగువారికి నేనీ అంకెను చెప్పి ఊరకుందును.

బొబ్బిలి వీణలకు పుట్టినిల్లయిన గొల్లపల్లిలో పనస మొద్దును తొలిచి వీణ చేయు శిల్పులకును గాయములు తగులకపోవు. ఉలి జారును, బాడిస గురి తప్పును. కాని ఉలి వెనుకనున్న బలము ఆ మనిషిదే. చేయి ఆగిన ఉలియు ఆగును, నొప్పి తెలిసిన మరుక్షణమున పనిముట్టు పడిపోవును, అందుచే గాయము మనిషి బలమును మించి లోతునకు దిగదు. మోటారునకు ఈ మర్యాద లేదు. టేకునకును తాటికొయ్యకును మన చిటికెన వ్రేలికిని నడుమనున్న తారతమ్యమును అది యెరుగదు. ఎరిగి ఆగునట్టి యంత్రము నొకదానిని గూర్చి తరువాత చెప్పెదను. చేతిరంపముతో ముప్పదియేండ్లు పనిచేసి వ్రేలికొక్క గీతయైన పడని పనివారు, మిషను కొన్న తరువాతను ఆ పాత ధైర్యముతోనే దాని యెదుట నిలుచుండుట చూచినప్పుడెల్ల నాకు భయమగుచుండును. ఆ ధైర్యము నిజమైనదే, కాని వేరొక పనిముట్టు చెంత సంపాదించినది.

నేను చేరిన మూడవ మాసమున జరిగిన సంగతి యిది. పెరటి పందిరికి రీపర్లు కావలసి, తడి పూర్తిగా ఆరని జామాయిల్ పలక నొకదానిని నిలువున చీల్చుచుంటిని. తోపుడు చెక్క ప్రక్కనే మేకున వ్రేలాడుచున్నది. ఒక్క కోతకు దానిని తీయుట దేనికని వట్టి చేతితోనే నెట్టితిని. ముప్పాతిక కోత ముగిసిన పిదప, చీలిన రెండు రెక్కలును ఒకదానివైపొకటి వంగి చక్రమును వెనుకవైపున బిగబట్టగా, పలక నా చేతి క్రింది నుండి జారి, ప్రక్కటెముకలకు వ్రేలెడు దూరముగా దూసికొనిపోయి, వెనుకనున్న తాటాకు తడికను చీల్చుకొని పెరటిలో పడినది. నన్ను వణికించినది మాత్రము పలక కాదు. నెట్టుచున్న వస్తువు హఠాత్తుగా మాయమగుటచే, ఆనిక తప్పిన కుడిచేయి తనంతట తాను ముందునకు తూలి, చక్రమునకు బెత్తెడు దూరమున ఆగినది. ఎందుచే ఆగినదో నేనిప్పటికిని చెప్పలేను.

మేస్త్రి వచ్చి స్విచ్చి ఆపి, తడికలోని కన్నమును చాలసేపు చూచి యనెను: “సెక్క తన్నీసినాదని దాని మీద కోపమేటి మాస్టారూ? ముందర పళ్ళు కిందకి నొక్కుతాయి, ఎనక పళ్ళు పైకి లేస్తాయి. మీరు ముందర పళ్ళనే సూసినారు.”

ఎదురుతన్ను తత్త్వమంతయు ఆ రెండు ముక్కలలోనే యున్నది. చక్రము మనవైపు తిరుగుచు వచ్చును గనుక, మన ముందున్న పళ్ళు పైనుండి దిగుచు కొయ్యను బల్లకు అదిమిపట్టును, అవి మనకు మిత్రములు. చక్రపు వెనుక సగమునందలి పళ్ళు బల్ల క్రింది నుండి పైకి లేచుచుండును. కొయ్య ఏ కారణము చేతనైనను ఆ వెనుక పళ్ళకు తగిలెనా, అవి దానిని పైకెత్తి, చక్రము మీదుగా మనవైపు విసరివేయును. జామాయిల్ వంటి కొయ్యలో చెట్టు పెరుగునప్పుడే ఇమిడిపోయిన బిగువు కోత పడగానే బయటపడి రెక్కలను వంచుట ఒక కారణము. కొయ్యను ఆనించి నడిపించు ఫెన్సు చక్రమునకు సమాంతరముగా నుండక వెనుకవైపున ఇసుమంత దగ్గరకు వచ్చియుండుట మరియొకటి. మెలిదిరిగిన పలక, సగము కోతలో నెట్టుట ఆపి తలత్రిప్పి మాటలాడుట, ఇవియు చాలును. చక్రము వెనుక దానినంటి నిలిచి, చీలిన రెక్కలు కలిసికొనకుండ విడదీసి యుంచు ఉక్కురేకు నొకదానిని యంత్రముతో నిత్తురు. రైవింగ్ నైఫ్ అనునది అదియే. మన పనివారు తరచుగా అడ్డమని దానిని విప్పి మూల పడవేయుదురు. మీ యంత్రమునకు అది లేనిచో తోపుడు చెక్కకంటె ముందు దానిని సంపాదింపుడు. అది లేక తోపుడు చెక్క యొక్కటియే చేయగల రక్షణ సగమే.

తోపుడు కర్రకును తోపుడు చెక్కకును భేదము కలదు. కర్ర, కొసను పక్షినోటివలె చీలిక గల పొడవైన పుల్ల. అది కొయ్యను వెనుకనుండి మాత్రమే నెట్టును. వెనుకకొస నొక్కబడినప్పుడు ముందుకొస లేచుట ఏతము నెరిగిన మనకు వేరుగ చెప్పనక్కరలేదు గదా! పలక తల లేచెనా వెనుక పళ్ళకు దొరకినట్లే. చెక్క యట్లు కాదు. అడుగు పొడవున కొయ్య మీద పరచుకొని, ఏకకాలమున క్రిందికి అదుమును, ఫెన్సువైపు ఒత్తును, మడమతో ముందునకు నెట్టును. ఒక్క చేతితో మూడు బలములు. కావున నేను చెక్క పక్షపాతిని. అయితే చక్రము మీద కప్పు దించియుంచి కోయునప్పుడు ఈ దిమ్మ దాని క్రింద దూరకపోవచ్చును; అప్పుడు చెక్క కొరకు కప్పును తీసివేయుట మూర్ఖత, కర్రనే వాడవలెను.

చేయు విధానమును కొంచెము విపులముగా చెప్పెదను. ఇచ్చట తొందరపడినవారి దిమ్మలు సరిగా పనికి కావలసిన క్షణముననే విరుగుట చూచితిని. అరంగుళమునకు తక్కువ కాని మందము గల మంచి ప్లైవుడ్ ముక్కను తీసికొనుడు. అఖండమైన కొయ్య వలదు. కొయ్యకు పోగు ఒకే దిశగా సాగును, మడమ ఆ పోగు వెంబడి పుటుక్కున ఊడును. ప్లైవుడ్‌లో పొరలు ఒకదాని కొకటి అడ్డముగా నుండును గనుక ఆ భయము లేదు. మడమ క్రిందికి దిగు ఎత్తు, మీరు కోయు పలక మందముకంటె తక్కువగా నుండవలెను, లేనిచో మడమ బల్లను రాచుకొనుచు దిమ్మను పైకెత్తును. పావు అంగుళము సామాన్యముగా సరిపోవును. పిడిని తోపడ పిడివలె ముందునకు ఒరగునట్లు మలచి, వెనుక భాగమున, మడమకు పైగా అమర్చుడు. వ్రేళ్ళు నాలుగును పిడి చుట్టును ముడుచుకొనవలెనే గాని, చూపుడు వ్రేలిని మార్గదర్శివలె ముందునకు చాచు దురభ్యాసమునకు తావుండరాదు. అన్నిటికంటె ముఖ్యము: దిమ్మలో మేకులు, స్క్రూలు వాడకుడు. ఇది కోతకు గురియగు వస్తువు. సన్నని రీపరు చీల్చునప్పుడు చక్రము దీని అడుగును గూడ గీసికొనిపోవును. అప్పుడు పంటికి ఇనుము తగిలెనా, విరిగిన పన్ను తూటావలె ఎగురును. జిగురు, కొయ్య చీలలు చాలును. పట్టు చాలదనిపించినచో అడుగున పాత సైకిలు ట్యూబు ముక్కను జిగురుతో నంటింపుడు.

ఇక వాడుట. చక్రమునకు జానెడు లోపల వట్టి చేయి రాగూడదని ఒక ఎల్ల గీచికొనుడు. మా సాలలో బల్ల మీద ఎర్రరంగుతో నిజముగానే గీచితిమి. బ్రిటన్‌లోని ఆరోగ్య, భద్రతా సంస్థ ఇంకను కఠినముగా, 300 మిల్లీమీటర్లకు తక్కువైన కోత యేదైనను, పొడవైన కోతలో కడపటి 300 మిల్లీమీటర్లును తోపుడు సాధనముతోనే జరుగవలెనని చెప్పుచున్నది. చక్రపు ఎత్తును, పళ్ళు పలకను దాటి కొంచెము మాత్రము కనబడునట్లు దించుకొనుడు. చక్రమునకు సూటిగా నిలువక ఓ అడుగు ప్రక్కకు తొలగి నిలువుడు. తన్నిన పలక మీరున్న తావునకు కాక ఖాళీలోనికి పోవలెను. నెట్టవలసినది చక్రమునకును ఫెన్సునకును నడుమనున్న ముక్కను. ఆవలి ముక్కను, అనగా విడిపడి పోవుదానిని, నెట్టుటకుగాని, చక్రముకేసి ఒత్తుటకుగాని యత్నింపరాదు. ఎడమచేయి పలకను ఫెన్సునకు ఆనించుటకు మాత్రమే, అదియు చక్రమునకు ముందుభాగముననే. చక్రమును దాటి ఎన్నటికిని పోరాదు. నెట్టుట ఆరంభించిన పిమ్మట, ముక్క చక్రమును, దాని వెనుక రేకును పూర్తిగా దాటువరకు ఆగక నెట్టుడు. సగమున వెనుకకు లాగితిరా, పలకను మీ చేతులతో మీరే వెనుక పళ్ళకు అందించినవారగుదురు. దిమ్మను కుడిచేతికందు మేకున తగిలింపుడు. చక్రము మీదుగా చేయి చాచి అందుకొనవలసిన తావున దానిని పెట్టిన బుద్ధిమంతుని నేనెరుగుదును. అద్దములో ప్రతిదినము చూచుచుందును.

చేతి తొడుగులు రక్షణ యని భ్రమపడకుడు. పన్ను తొడుగు దారమును పట్టెనా, చేతినంతటిని తనవైపు లాగికొనును. మెడలోని తుండుగుడ్డ, పొడుగు చేతుల చొక్కా, ముంజేతికి కట్టించుకొన్న దారములు, వీనికిని ఇదే న్యాయము. దైవభక్తి గలవారు దారమును యంత్రము ముట్టుకొను వేళ జేబులో నుంచుకొన్న దోషము లేదని నా అభిప్రాయము.

చేతికిని ప్రమాదమునకును నడుమ మరియొక వస్తువును నిలుపుట మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. గానుగ యాడు చోట చెరకు పెట్టువానిని గమనింపుడు: గడ తోక రోలర్ల దగ్గరకు వచ్చినప్పుడు దానిని వ్రేలితో నెట్టక, తరువాతి గడ తలతో నెట్టును. తోపుడు చెక్క సిద్ధాంతమంతయు అందులో నున్నది. పైగా నెట్టు సాధనమే మరుక్షణమున పనిసరుకగుట వలన వానికి దానిని వెదకికొను శ్రమయు లేదు. ఎచ్చెర్లకు పొరుగుననున్న పొందూరులో సన్ననూలు వడకు స్త్రీలు ప్రత్తిని గోళ్ళతో గాక వాలుగ చేప దవడతో దువ్వుదురు. అచ్చట ప్రమాదమేమియు లేదు, అది నాణ్యత కొరకు. కాని వ్రేలు చేయలేని పనిని వ్రేలికి అప్పగింపరాదను వివేకము రెంటను ఒక్కటియే. రోటిలో పిండి ఎగదోయు మా మేనత్త మాత్రము, పొత్రము తిరుగు లయనే నమ్ముకొని, జీవితాంతము వట్టి చేయి వాడినది. ఆమె వ్రేళ్ళకేమియు కాలేదు. పొత్రమును త్రిప్పినదియు ఆమెయే గదా!

పాశ్చాత్య దేశములలో ఈ భయము ఎట్టి ఉపాయములకు దారితీసెనో చెప్పెదనంటిని. అమెరికాలో స్టీవ్ గాస్ అను, భౌతికశాస్త్రము చదివిన న్యాయవాది, 1999లో ఒక కల్పన చేసెను. చక్రమున స్వల్పమైన విద్యుత్ సంకేతమును ప్రవహింపజేసి, దేహము తగిలి ఆ సంకేతము మారిన క్షణమున అల్యూమినియము దిమ్మ నొకదానిని పళ్ళలోనికి దూకించును. చక్రము 5 మిల్లీసెకన్లలో ఆగిపోవును. మన పూర్వపు లెక్కన పది పళ్ళు గడచులోపల. వ్రేలికి బదులు మాంసపు సాసేజ్‌ను తగిలించి దానిని ప్రదర్శించుట జగత్ప్రసిద్ధమైనది. సాస్టాప్ అను పేర ఆ యంత్రము విక్రయింపబడుచున్నది. ఒక్కసారి పనిచేసిన పిదప ఆ దిమ్మను మార్చవలసినదే, చక్రమును సామాన్యముగా పారవేయవలసినదే. మా సాల వంటివానికి ఆ యంత్రపు వెల అందని పండు. మన చట్టమా, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 21వ సెక్షనులో ప్రమాదకర యంత్రభాగములకు కంచె వేయవలెనని శాసించెను గాని, యంత్రశక్తి యున్నచోట 10 మందియైనను పనిచేయనిది దానికి ఫ్యాక్టరీయే కాకపోయెను. మేస్త్రి, ఇద్దరు కుర్రవాండ్రు, అప్పుడప్పుడు నేను. మా రేకుల కప్పు క్రిందకు ఏ తనిఖీ అధికారి వచ్చును? కంచె వేయవలసినవాడును, వేసెనా యని చూడవలసినవాడును అచ్చట ఒక్కడే.

జరుగరానిది జరిగినచో ఏమి చేయవలెనో గూడ ముందే తెలిసియుండవలెను. యంత్రము ఆపి, గాయమును శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కిపట్టి, చేతిని గుండెకంటె ఎత్తుగా నుంచుడు. తెగిన భాగమున్నచో దానిని తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, నీరు చొరని ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని మంచునీటిలో నుంచి రోగితోపాటు పంపుడు. మంచును నేరుగా తగిలింపరాదు, కణములు చెడును. ఎచ్చెర్ల నుండి విశాఖపట్టణమునకు సుమారు 100 కిలోమీటర్లు. ఆ దారిలో ఈ జాగ్రత్తకు విలువ యెంతయో చెప్పనక్కరలేదు.

మహర్నవమినాడు మా సాలలోను ఆయుధపూజ జరుగును. రంపమునకు, ఉలికి, తోపడకు పసుపు పూసి బొట్టు పెట్టి, మిషను మోటారునకు సయితము పువ్వులదండ వేయుదురు. అరిగిన తోపుడు చెక్కలు మాత్రము సాధారణముగా ఏ సాలలోనైనను పొయ్యిలోనికే పోవును. పళ్ళు కొరికిన గాట్లతో మడమ అరిగిపోయిన దిమ్మ, పని ముగిసిన దిమ్మ. దానిని ఇంకను వాడుట ప్రమాదము, కావున కాల్చుటలో తప్పులేదు. కాని మా మేస్త్రి కాల్చడు. గోడకు వరుసగా తగిలించును. మొన్నటి పూజనాడు లెక్కించితిని, పదునేడున్నవి. ఒకదాని మీద గాటు మూడు వేళ్ళ లోతున దిగియున్నది. ఇవి దేనికి దాచితివని అడిగితిని.

“అయి నా ఏళ్ళు మాస్టారూ” అనెను.

పదునేడేండ్ల వృత్తికి గుర్తుగా ఏటికొకటి దాచుకొనుచున్నాడు గాబోలునని తలచితిని. ‘వేళ్ళు’ అను మాటలోని వకారము మా తావున పలుకుబడిలో జారిపోవునన్న సంగతి, బడిలో ముప్పదియేండ్లు తెలుగు చెప్పిన నాకు తట్టుటకు, అతడు రెండు చేతులును నా ముఖము ముందు చాచి పట్టుకొనవలసి వచ్చినది. పిమ్మట కుర్రవానిని పిలిచి, మిగిలిన ప్లైవుడ్ ముక్క నొకదానిని వాని చేతికిచ్చి, పదునెనిమిదవదానికి పిడి గీయమనెను.